మెర్ల్ ఇంటి మీద పడని వాన

హార్‌గ్రేవ్ కొట్లో బ్రయనీ పని ఉత్తరాలు రాయడం. కొట్టంటే ఏదో చిన్న అంగడి కాదు. కూలిండా ఊరి చివర, రైలు పట్టాల పక్కన పొడవాటి రేకుల షెడ్డు. దాన్నిండా పశువులు నాకే ఉప్పుదిమ్మలు, గొర్రెలకు తాగించే నులిపురుగుల మందు, నీళ్ళ గొట్టాలు, ముళ్ళతీగ చుట్టలు, గడ్డివిత్తనాల బస్తాలు, ఒక మూల బూట్లూ టోపీలూ. వీటి గురించి చుట్టుపక్కల మందలున్న వాళ్ళందరికీ ఈమెయిళ్ళు పంపడం ఆమె ఉద్యోగం. ఇదే పని ఆమె బ్రిస్బేన్‌లో ఒక బట్టల కంపెనీకి చేసింది. భర్త ఇక్కడి బడికి పంతులుగా బదిలీ అయి వస్తే తనూ వచ్చి, మొదటి వారమే కోల్ హార్‌గ్రేవ్ దగ్గరికి వెళ్ళి పని అడిగింది.

అందరికీ ఒకే ఉత్తరం పంపితే ఎవరూ చదవరు. ఎవరిది వాళ్ళ కోసమే కూర్చుని రాసినట్టుండాలి. అలాగని వందల మందికి విడివిడిగా రాయడం ఎవరి తరం? అందుకని బ్రయనీ ముక్కలు రాసేది. గొర్రెలున్న వాళ్ళకో ముక్క, ఆవులున్న వాళ్ళకో ముక్క, నిరుడు ఇదే నెలలో మందు కొన్న వాళ్ళకో ముక్క. కంప్యూటరు ఆ ముక్కల్ని ఒకదానికొకటి కుట్టి, పైన పేరు పెట్టి, ఎవరిది వాళ్ళకి పంపేసేది. ఒకసారి అమర్చాక మనిషి చెయ్యి తగలక్కర్లేదు.

బ్రయనీకి ఒక గుణం ఉంది. ఏదైనా ఎందుకలా జరిగిందో తెలియకపోతే కాలు నిలవదు. బస్తాలు మోసుకెళ్ళే వాళ్ళని కూడా ఆపి "ఇది ఎందుక్కొన్నారు? ఇవాళే ఎందుక్కొన్నారు?" అని అడిగేది. అలా అడగ్గా అడగ్గా ఆమెకు ఒకటి అర్థమైంది. ఈ ప్రాంతంలో మనుషులు కొట్టుకి వచ్చేది పండక్కి కాదు, జీతాలొచ్చిన రోజుకీ కాదు. వాన పడ్డ మర్నాడు వస్తారు. గడ్డివిత్తనం, ఈగల మందు, దోమల మందు, కంచెకు తీగ, అన్నీ ఆ ఒక్క రోజే గుర్తొస్తాయి.

"అయితే వాన పడగానే ఉత్తరం దానంతటదే వెళ్ళిపోయేట్టు చెయ్యొచ్చు, కోల్," అంది నవంబరులో ఒకరోజు.

కోల్‌కి అరవై దాటాయి. నవ్వితే బొజ్జ ముందు కదిలి, నవ్వు తర్వాత వస్తుంది. "వాన పడితే గదమ్మాయ్! నాలుగేళ్ళయింది ఇక్కడ సరిగ్గా పడి. మా మనవరాలు వానంటే స్నానాలగదిలో వచ్చేదనుకుంటోంది."

"పడినప్పుడే వెళ్తుంది. పడకపోతే వెళ్ళదు. మనకేం పోయింది?"

"సరే కానీ. నీ సరదా ఎందుక్కాదనాలి."

ఊరి విమానాల మైదానంలో వాతావరణశాఖ వాళ్ళు పెట్టిన వాన కొలిచే పరికరం ఉంది. బ్రయనీ కంప్యూటర్ని దానికి కలిపింది. పోస్ట్‌కోడ్ అనే తపాలా అంకె ఒకటే అయిన వాళ్ళందరికీ ఆ కొలతే. వాన ఎంత పడిందో ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉండాలి, ఎందుకంటే అంకె కనిపిస్తే మనిషి నమ్ముతాడు. ఈ సంగతి ఆమె బట్టల కంపెనీలో నేర్చుకుంది.

డిసెంబరు రెండోవారంలో ఒక మధ్యాహ్నం పడమటి నుంచి మబ్బు లేచి, ఊరి మీద ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. రేకుల మీద మోతకి కొట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కోల్ బయటికి పోయి షర్టు తడిసేదాకా నిలబడ్డాడు. అటు వాన తెరపివ్వగానే ఇటు ఉత్తరాలు బయల్దేరాయి. "మీ పొలంలో ఇవాళ ముప్పై రెండు మిల్లీమీటర్లు పడింది! ఇన్నాళ్ళ ఎదురుచూపు ఫలించింది." కింద ఎవరికి కావలసిన సరుకు వాళ్ళకి.

మర్నాడు కొట్టు ముందు బళ్ళు ఆపడానికి చోటు లేదు. కోల్ పొంగిపోయి, పక్క బేకరీ నుంచి మాంసం కూరిన వేడి పై రొట్టె తెచ్చి బ్రయనీ బల్ల మీద పెట్టాడు. సాస్ కూడా తనే పోశాడు.

ఆ సందడిలోనే ఒక జవాబు వచ్చింది. ఒకే ఒక్క వాక్యం.

"నా ఇంటి మీద పడలేదు. మెర్ల్ డాకరీ, యారన్ డౌన్స్."

బ్రయనీ పటం తీసి చూసింది. యారన్ డౌన్స్ అనే పశువుల పొలం కూలిండాకి వాయవ్యాన తొంభై కిలోమీటర్ల అవతల ఉంది. అయినా పోస్ట్‌కోడ్ అదే. బ్రిస్బేన్‌లో ఒక పోస్ట్‌కోడంటే ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళొచ్చు. ఇక్కడ ఆ అంకె కింద ఎంత భూమి ఉందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. సిగ్గుపడి, క్షమించమని రాసి, పనిలోకి దిగింది.

ఈసారి పోస్ట్‌కోడ్‌ని వదిలేసింది. రాడార్ చూపించే వాన పటాన్ని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఏ గడి కింద ఎవరి భూమి ఉందో చూసి, ఎవరి వాన వాళ్ళకే లెక్కగట్టేట్టు అమర్చింది. ఉత్తరంలో పొలం పేరు కూడా వచ్చేట్టు పెట్టింది. పనంతా అయ్యాక కుర్చీ వెనక్కి వాల్చి, ఇక తిరుగులేదనుకుంది.

జనవరిలో మళ్ళీ మబ్బు పట్టింది. ఊళ్ళో నాలుగు చినుకులే. కానీ వాయవ్యాన మబ్బులు బాగా కమ్మాయి. "మెర్ల్, నిన్న సాయంత్రం యారన్ డౌన్స్ మీద పద్దెనిమిది మిల్లీమీటర్లు పడింది!" అని ఉత్తరం వెళ్ళింది. బ్రయనీ ఆ ఉత్తరాన్ని తెరిచి చూసుకుని మురిసిపోయింది. ఆవిడకి ఈసారి సరిగ్గా చెప్పామనుకుంది.

ఆ వారమంతా జవాబు లేదు. తర్వాతి సోమవారం పొద్దున్నే కొట్లో ఫోను మోగింది. కోల్ ఎత్తి, కాసేపు విని, ఫోను చెవికి దూరంగా పట్టుకుని "నీకే" అన్నాడు.

"ఆ ఉత్తరాలు రాసేది నువ్వేనా?" అంది అవతలి గొంతు.

"నేనేనండీ. మెర్ల్ గదా? వాన..."

"నా పొలం మీద వాన నీ కంటికి కనబడిందా, పిల్లా?"

"రాడార్‌లో..."

"ఆ రాడార్‌ని ఇటు పంపు. వచ్చి నా వాన కొలిచే గొట్టంలో చూడమను. గొట్టంలో సాలీడుంది. బతికే ఉంది. నీ పద్దెనిమిది మిల్లీమీటర్లు పడుంటే అది ఈతైనా నేర్చుకునేది, చావైనా చచ్చేది."

బ్రయనీకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. అవతలి గొంతులో నవ్వు లేదు.

"విను. మా ఆయన రోల్ఫ్ సెప్టెంబరు నుంచి మంద తోలుకుని మేతదారుల వెంట పోతున్నాడు. ఇక్కడ గడ్డి లేదు. ఆయన ఫోనుకీ నా ఫోనుకీ ఒకటే మెయిల్. దారిలో ఒకచోట సిగ్నల్ అంది నీ ఉత్తరం ఆయన చూశాడు. ఇంటి మీద పద్దెనిమిది మిల్లీమీటర్లని చూసి మందను ఇంటివైపు తిప్పాడు. ఆ తర్వాత దారంతా సిగ్నల్ లేదు, నేను ఫోను చేస్తే అందడు. బండేసుకుని రెండు రోజులు వెతుక్కుంటూ పోయి ఆపాను."

బ్రయనీ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేను ఏమీ అమ్మబోవడంలేదండీ," అంది. "ఒక్కసారి మీ ఇంటికి రావచ్చా? రాడార్ మిగతా వాళ్ళందరి విషయంలో సరిగ్గానే చెప్పింది. మీ దగ్గర ఎందుకు తప్పిందో చూడాలి."

"చూసి ఏం చేస్తావు?"

"తెలీదు."

మెర్ల్ ఏదో ఆలోచించినట్టుంది. "వస్తే నీళ్ళు తెచ్చుకో. టీ నేనిస్తా," అని పెట్టేసింది.

కోల్ అంతా విన్నాడు. "ఆవిడ పేరు తీసెయ్ అమ్మాయ్. అందరి పొలాల్లో చుక్కలు లెక్కపెట్టడం మన పనా? ఒక్క మనిషి కోసం రోజంతా పాడుచేసుకుంటావా?"

"ఆవిడ పేరు తీసేస్తే తప్పు పోతుందా? కనబడకుండా పోతుందంతే."

"నీతో వాదించలేను. పెట్రోలు కొట్టు లెక్కలో రాయకు."

రాయలేదామె. శుక్రవారం సొంత కారులోనే బయల్దేరింది. ముప్పై కిలోమీటర్ల దాకా రోడ్డుపక్కన డిసెంబరు వానకి మొలిచిన పచ్చిక కనబడింది, పల్చగా, ముసలాయన గడ్డంలా. ఒక కంచె దగ్గర ఆ పచ్చదనం ఆగిపోయింది. కంచెకి ఇటు గడ్డి, అటు ఎర్ర దుమ్ము. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి రెండోది తడవని వానంటే ఇదేనేమో అనుకుని, కారు దిగి, ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడి ఫోటో తీసుకుంది. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు. చూడ్డానికి అక్కడ ఒక కంగారూ తప్ప ఎవరూ లేరు.

యారన్ డౌన్స్ ఇల్లు గుంజల మీద కట్టిన పాత చెక్క ఇల్లు, చుట్టూ వరండా. మెర్ల్ పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంది. మగవాళ్ళ చొక్కా, అంచు చిరిగిన టోపీ. కుక్క మొరుగుతుంటే "నోర్ముయ్, డాట్" అని దాన్ని, "రా, లోపలికి రా, ఈగలొస్తాయి" అని బ్రయనీని ఒక్క ఊపిరిలో పలకరించింది.

ముందు గొట్టం చూపించింది. కంచె గుంజకి బిగించిన గాజు గొట్టం. సాలీడు నిజంగానే ఉంది. బ్రయనీ వంగి చూస్తే అది కాళ్ళు ముడుచుకుంది.

టీ తాగుతూ, ఎండుపళ్ళ కేకు తింటూ రోల్ఫ్ సంగతి అంతా చెప్పింది మెర్ల్. మంద ఇంటివైపు వచ్చిన దారిలో గడ్డి అప్పటికే మేసేసినదే. తిరిగి అదే దారిన మళ్ళించాల్సి వచ్చింది. రెండు ముసలి ఆవులు కూలబడి మళ్ళీ లేవలేదు.

బ్రయనీ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. "నా వల్లే," అంది.

"నీ వల్లే," అంది మెర్ల్, దాచకుండా. "కానీ ఆయన బుద్ధి ఏమైంది? నన్నడగొద్దూ? అదీ అన్నాను. దానికాయన ఏమన్నాడో తెల్సా? 'నువ్వు ఎప్పుడూ పడలేదనే చెప్తావు మెర్ల్. ఇది అంకె వేసి చెప్పింది' అన్నాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం మాట కంటే నీ అంకె గొప్పదైంది."

"అంకె పెడితే నమ్ముతారని నేనే పెట్టానండీ."

"నమ్మారుగా మరి!" అంది మెర్ల్. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వకూడదనిపించి ఇద్దరూ ఆగారు. మళ్ళీ నవ్వారు.

మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బులు లేచాయి. బ్రయనీ ఫోనులో రాడార్ తెరిచింది. పచ్చటి మచ్చ ఒకటి పాకుతూ వచ్చి, మధ్యలో పసుపు రంగు తేలి, సరిగ్గా యారన్ డౌన్స్ మీద ఆగింది.

"ఇప్పుడు పడుతోందట!" అని లేచింది.

"ఎక్కడ?"

"ఇక్కడే. మన నెత్తి మీద."

ఇద్దరూ వాకిట్లోకి పరుగెత్తారు. డాట్ కూడా. తలెత్తి చూస్తే మబ్బు కింది అంచు నుంచి బూడిదరంగు తెర ఒకటి వేలాడుతోంది, ఉతికి ఆరేసిన పాత చీరలా. చూస్తూనే ఉన్నారు. తెర కిందికి దిగుతోంది, దిగుతూ దిగుతూ పల్చబడుతోంది, నేలకింకా ఎంతో ఎత్తులోనే మాయమైపోతోంది. చల్లగాలి ఒకటి రివ్వున కొట్టింది. తడి మట్టివాసన ఎక్కడి నుంచో వచ్చి ముక్కుకి తగిలింది. రేకుల మీద టప్పుమని ఒక చుక్క. కాసేపటికి ఇంకోటి. అంతే.

"పడుతూనే ఉంది," అంది బ్రయనీ మెల్లగా. "కిందికి రావడం లేదు."

"మా నాన్న దీన్నే ఆకాశం గొంతు తడుపుకుంటోందనేవాడు," అంది మెర్ల్. "చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. అయితే మీ రాడార్‌కి ఇది వానలాగే కనబడుతుందా? ఏదీ, ఇటివ్వు."

ఫోను తీసుకుని మచ్చని చూసింది. తలెత్తి మబ్బుని చూసింది. మళ్ళీ ఫోను. మళ్ళీ మబ్బు. "అరె! పసుపు రంగు ఇదిగో, ఈ లావుపాటి తెర. ఈ పచ్చది ఆ పక్కన పల్చగా ఉంది చూడు, అది. అచ్చంగా ఉన్నదున్నట్టే చూపిస్తోందే! నేనేమో ఊళ్ళో వాళ్ళంతా నాతో హాస్యాలాడుతున్నారనుకున్నా. మా ఆడపడుచు కూడా రాకింగమ్ నుంచి ఫోను చేసి 'మీకు వానటగా' అంటుంది. కసిరి పెట్టేస్తా."

"ఎంత పడిందంటోందో చూడండి."

"పదకొండు." మెర్ల్ గొట్టం దగ్గరికి వెళ్ళి తొంగి చూసి వచ్చింది. "సాలీడు కాళ్ళైనా తడవలా."

తర్వాత బ్రయనీ వాతావరణశాఖ ఆఫీసుకి ఫోను చేసి అడిగితే ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. రాడార్ చూపు తిన్నగా పోతుంది, భూమి కిందికి వంగుతుంది. దూరం పోయేకొద్దీ అది మబ్బుల పైభాగాన్నే చూస్తుంది. కింద గాలి ఎండిపోయి ఉంటే సగం దారిలోనే చినుకుల్ని తాగేస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు బ్రయనీ భర్తకి అన్నం కూడా వడ్డించకుండా చెంచాలూ గిన్నెలూ పెట్టి వివరించింది. ఆయన తెలివైనవాడు కాబట్టి, గిన్నెలు ఖాళీగా ఉన్నాయని గుర్తు చేయకుండా విన్నాడు.

అయితే ఇప్పుడు ఏం చెయ్యాలి? ఇంకా మంచి కొలత కొనుక్కోవచ్చు. అది ఇంకా మంచిగా తప్పు చెప్తుంది. ఒక సాయంత్రం పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే పక్కింటాయన కంచె మీంచి, పలకరింపు కూడా లేకుండా, "మొన్న మీ దగ్గరెంత పడింది?" అని అడిగాడు. ఆమె సమాధానం చెప్పేలోపే తన అంకె చెప్పేసి మురిసిపోయాడు. బ్రయనీ నీళ్ళు కట్టేయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తింది.

మర్నాడు కోల్ ముందు కూర్చుంది. "వాన పడిందని ఇక మనం చెప్పొద్దు. అడుగుదాం."

"ఏమడుగుదాం?"

"మబ్బు ఎవరి మీదికి పోతే వాళ్ళకి ఒకటే వాక్యం వెళ్తుంది. 'మీ గొట్టంలో ఎంత?' అని. జవాబులో అంకె రాస్తే, దాన్ని బట్టి కంప్యూటర్ వాళ్ళకి తగిన ఉత్తరం పంపుతుంది. చుట్టుపక్కల వాళ్ళకి ఎంత పడిందో కూడా చెప్తుంది, చెప్పమన్న వాళ్ళవి మాత్రమే."

"పడలేదని రాస్తే?"

"ఏమీ అమ్మం. 'రాలేదన్నమాట. మళ్ళీ అడుగుతాం' అంటాం. అంతే."

కోల్ నుదురు కొట్టుకున్నాడు. "అమ్మాయ్, నేను కొట్టు నడుపుతున్నానా, క్షేమసమాచారాలు కనుక్కుంటున్నానా? ఏమీ అమ్మని ఉత్తరానికి నీకు జీతం ఇవ్వాలా?"

"వాన పడని వాడికి గడ్డివిత్తనం అమ్మజూస్తే మళ్ళీ మన ఉత్తరం తెరుస్తాడా? రోల్ఫ్ ఇక జన్మలో తెరవడు."

ఆవుల సంగతి కోల్‌కి తెలుసు. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, "ఒక్క వానకి చూద్దాం," అన్నాడు.

ఫిబ్రవరిలో ఆ ఒక్క వాన వచ్చింది. ప్రశ్న వెళ్ళిన గంటలోపే జవాబులు వరద కట్టాయి. అంకె ఒక్కటే రాయమంటే ఎవరు వింటారు? ఒకాయన "ఇరవై ఒకటి, కానీ గొట్టం వంగి ఉంది కాబట్టి ఇరవై మూడు వేసుకోండి" అని రాశాడు. ఒకావిడ "తొమ్మిది. మా మామగారు పన్నెండంటున్నారు. ఆయన మాట నమ్మొద్దు" అంది. ట్రెవర్ మల్హాలండ్ అనే ఆయన అరవై అని రాశాడు. కంచెకి అవతల ఉన్న ఆయన తమ్ముడు పద్నాలుగని రాశాడు. బ్రయనీ తలగోక్కుని, ఇద్దరికీ ఇద్దరి అంకెలూ పంపింది. మర్నాడు తమ్ముడు కొట్లోకొచ్చి అందరి ముందూ "మా అన్న గొట్టంలో కుక్క గానీ ఉచ్చపోసిందేమో కనుక్కోండి" అన్నాడు. కొట్టు కొట్టంతా నవ్వింది.

కంప్యూటర్‌కి ఇన్ని కబుర్లు అర్థం కాలేదు. కొన్నిటిని బ్రయనీ చేత్తోనే సరిచేసుకోవలసి వచ్చింది. అమ్మకాలు డిసెంబరంత రాలేదు. ఆ మాట కోల్ రెండుసార్లన్నాడు. కానీ పక్క జిల్లా వాళ్ళు కూడా ఫోను చేసి "మమ్మల్నీ అడగండి" అని పేర్లిచ్చారు. అప్పట్నుంచీ కోల్ నోరెత్తలేదు. పైగా తన ఇంటి వెనక ఒక గొట్టం బిగించుకుని, పొద్దున్నే అందరికంటే ముందు తన అంకె పంపడం మొదలుపెట్టాడు.

మెర్ల్ ప్రతిసారీ జవాబిచ్చింది. "లేదు." "లేదు." "లేదు, కానీ తెర చాలా అందంగా ఉంది."

మార్చి చివర్లో ఉత్తరాన తుఫాను తీరం దాటి, బలహీనపడి, లోపలికి నడుచుకుంటూ వచ్చింది. ఇది గాలి తాగేసే వాన కాదు. రాత్రీ పగలూ ముసురు పట్టి కురిసింది. రోడ్లు తెగాయి. అందరి జవాబులూ వచ్చాయి, మెర్ల్‌ది తప్ప. ఆ మూడు రోజులూ బ్రయనీ కుదురుగా కూర్చోలేదు. ఫోను చేస్తే పలకలేదు. నాలుగో రోజు పొద్దున ఒక మెయిల్ వచ్చింది: "కరెంటు లేదు. నూట నలభై. గొట్టం రెండుసార్లు వంపాను. ఇంకా పడుతోంది."

బ్రయనీ దాన్ని గట్టిగా చదివింది. కోల్ బస్తాల అవతల నుంచి "పంపు, ఇప్పుడు పంపు గడ్డివిత్తనం ఉత్తరం!" అని కేక పెట్టాడు. అది అప్పటికే దానంతటదే వెళ్ళిపోయింది.

రోడ్లు ఆరి, మంద ఇల్లు చేరాక, మే నెలలో ఒకరోజు మెర్ల్ కొట్టుకి వచ్చింది. విత్తనం బస్తాలు బండికెక్కించుకున్నాక తిన్నగా బ్రయనీ బల్ల దగ్గరికొచ్చి, టోపీ తీసి, కుర్చీ లాక్కుంది.

"నువ్వు మా ఇల్లు చూశావు. ఇప్పుడు నీ యంత్రం నేను చూడాలి. అందులో నేనెట్లా ఉంటాను?"

ఇంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. బ్రయనీ తెర ఆమె వైపు తిప్పి, మెర్ల్ డాకరీ పేరు తెరిచింది. పశువులు: ఆవులు. మెయిల్ తెరిచే వేళ: తెల్లవారుజామున. ఆగస్టులో మందు కొంటారు. కింద ఇంకో వరస ఉంది: పసుపు రెయిన్‌కోటు, ఉత్తరంలో బొమ్మ నొక్కి ఆరుసార్లు చూశారు, కొనలేదు.

"అది కూడా తెలుస్తుందా దానికి!" మెర్ల్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఊరికే చూశా. చూస్తే తప్పా?"

"తప్పేం కాదు. ఎందుకు చూశారో మాత్రం దీనికి తెలీదు."

"నాకూ తెలీదు," అంది మెర్ల్. కాసేపు తెర మీది తనని తనే ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. "మరి రోల్ఫ్? ఆయనెక్కడున్నాడు?"

"ఆయన లేరండీ. ఇద్దరిదీ ఒకటే మెయిల్ కదా. దీని దృష్టిలో మీరొక్కరే."

"అయ్యో, ఆయన్ని చేర్చు. వేరే మెయిల్ పెట్టిస్తా. మళ్ళీ నా ఉత్తరం చూసి మందని తిప్పకుండా."

బ్రయనీ కొత్త పేరు తెరిచి రోల్ఫ్ డాకరీ అని కొట్టింది. "ఆయనకి ఏం ఇష్టం? దేని గురించి పంపమంటారు?"

మెర్ల్ చెప్పబోయి ఆగింది. "ఆవులు," అంది. "ఆవులే... అంటే, ఆవులు పని కదా. ఇష్టమంటే..." టోపీని ఒళ్ళో తిప్పుతూ ఉండిపోయింది. "ఉండు. కనుక్కుని వస్తా."

బయటికి వెళ్ళి కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోను చేసింది. గాజు తలుపులోంచి బ్రయనీకి కనబడుతూనే ఉంది. మొదట ఏదో అడిగింది. తర్వాత వింది. "ఏంటీ?" అన్నట్టు నోరు తెరిచింది. ఆ తర్వాత చెయ్యి నడుం మీద పెట్టుకుని చాలాసేపు నవ్వింది. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తల కూడా తిప్పలేదు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "చేపలంట!"

"చేపలా?"

"గాలం వేసి చేపలు పట్టాలంట. నీటిబొట్టు లేని ఊళ్ళో నలభై ఏళ్ళుగా మనసులో పెట్టుకున్నాడంట. ఇప్పుడు వాగులో నీళ్ళున్నాయి గదా, పొద్దున పోయి గట్టు మీద కూర్చుంటున్నాడు, నేనేమో కంచె చూడ్డానికి పోతున్నాడనుకుంటున్నా. ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదేమయ్యా అంటే, నువ్వెప్పుడడిగావు అంటాడు!"

బ్రయనీ ఆ గడిలో చేపలు అని కొట్టింది. వెనకనుంచి కోల్ తొంగి చూశాడు. "మన కొట్లో గాలాల్లేవమ్మాయ్."

"తెప్పించు," అంది మెర్ల్, బ్రయనీ కంటే ముందు. తర్వాత కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, రోల్ఫ్ పేరు కింద ఖాళీగా ఉన్న మిగతా గళ్ళ మీద వేలు పెట్టింది. "ఇక్కడేం రాస్తారు? ఇక్కడ? చదువు, అన్నీ వరసగా చదువు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది."